సంపూర్ణమ్మ సాక్ష్యం

మంచి కబురు చేతికి అందితే తబిత నోరు ఆగదు. ఇంట్లో వాళ్ళమ్మ ఆ మాట అంటూనే ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం రాజమండ్రి ల్యాబులో పీసీఆర్ మెషీను ముందు కూర్చున్నప్పుడు కూడా ఆగలేదు.

కంప్యూటరు తెర మీద గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. సరిచూసుకోవడానికి పెట్టిన శాంపిళ్ళ గీతలు ముందే లేచాయి. తుని నుంచి వచ్చిన పెద్దాయన గీత కాస్త ఆలస్యంగా తల ఎత్తింది. సంపూర్ణమ్మ శాంపిల్ గీత మాత్రం అడుగునే పడుకుంది. చివరిదాకా చూసినా లేవలేదు. తబితకు నమ్మకం కుదరక, ఫ్రీజర్‌లో దాచిన రెండో ట్యూబు తీసి, గ్లవ్స్ మార్చుకుని, మొత్తం మళ్ళీ మొదటి నుంచీ చేసింది. ఆర్ఎన్ఏ మహా సున్నితమైన సరుకు, చేతి చెమట తగిలినా పాడైపోతుంది. అందుకని ఊపిరి కూడా పక్కకు తిప్పి వదిలింది. రెండోసారి కూడా గీత లేవలేదు. లేవలేదంటే జబ్బు జాడ దొరకనట్టే.

సంపూర్ణమ్మకు ఉన్నది రక్తంలో వచ్చే క్యాన్సరు. మామూలుగా ఒంట్లోని కణం తనంతట తాను పెరగదు. పెరగమని కబురు రావాలి. కణం పైపొర మీద ఉన్న ప్రోటీన్ ఆ కబురు అందుకుని లోపలి ప్రోటీన్‌కు ఇస్తుంది, అది మరోదానికి, అది ఇంకోదానికి. అలా చేతులు మారుతూ కణం నడిమధ్యకు చేరాక పెరుగుదల మొదలవుతుంది, పని అయ్యాక కబురు ఆగిపోతుంది. సంపూర్ణమ్మ ఎముకల మూలుగలో ఎక్కడో రెండు క్రోమోజోములు విరిగి, దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి అతుక్కున్నాయి. ఆ అతుకులోంచి పుట్టిన ప్రోటీన్‌కు ఆగడం తెలియదు. ఎవరూ పంపకుండానే పెరగండి, పెరగండి అని కబురు పంపుతూనే ఉంటుంది. రోజూ అన్నం తిన్నాక ఆమె మింగే మాత్ర వెళ్ళి సరిగ్గా ఆ ప్రోటీన్ నోట్లో కూర్చుని మాట రాకుండా చేస్తుంది. అలా నోరు మూసినప్పుడు కొన్ని కణాలు దొడ్డిదారిన కబురు నడిపించుకుంటాయి. ఆ దొడ్డిదారులు ఏమిటో కనిపెట్టడమే తబిత పరిశోధన. దానికోసం గోదావరి జిల్లాల్లోని పేషెంట్లు మూడు నెలలకోసారి రక్తం ఇస్తుంటారు, తబిత ఐసు పెట్టె పట్టుకుని వెళ్ళి తెస్తుంటుంది.

రూలు ప్రకారం తబిత రిపోర్టును తన పరిశోధన గైడు ఉదయ్‌కుమార్ సార్‌కు ఇవ్వాలి. సార్ కాకినాడ డాక్టరుగారికి పంపాలి. ఆయన పేషెంటుతో చెప్పాలి. తబిత గ్లవ్స్ విప్పి డబ్బాలో పడేసి, వరండాలోకి వచ్చి నేరుగా సంపూర్ణమ్మకు ఫోన్ చేసింది.

“సంపూర్ణమ్మగారండీ, ఏమీ లేదండి. రెండుసార్లు చూశాను. ఎక్కడా కనపడలేదు.”

అవతల నీళ్ళ మోటారు చప్పుడు. ఎవరో లారీని వెనక్కి రమ్మని అరుస్తున్నారు. సంపూర్ణమ్మ కడియం దగ్గర నర్సరీలో మొక్కలకు అంట్లు కడుతుంది.

“ఏమీ లేదంటే ఏంటమ్మా?”

“ఆ చెడ్డ కణాలండి. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.”

మోటారు చప్పుడులోంచి ఆమె ఏడుపు వినిపించింది. “దేవునికి స్తోత్రం. నువ్వు చల్లగుండాలి తబితమ్మా. నీ చేత్తోనే మంచి మాట విన్నాను” అంది. చేత్తో వినడం ఏమిటని తబిత నవ్వబోయి, తన కళ్ళు కూడా తడిశాయని తెలుసుకుంది. ఎముకలోంచి మూలుగ తీయడానికి సూది వేసిన మొదటిరోజు ఆ బక్కపలచటి మనిషి మంచం అంచు పట్టుకుని, ఇంత రక్తం తీసినా నీకు సరిపోతుందా అమ్మా అని తిరిగి తననే అడిగింది. ఆ మనిషికి మంచిమాట చెప్పగలిగినందుకు తబితకు ఆ పూట అన్నం కూడా గుర్తుకు రాలేదు.

మాత్ర మాత్రం ఆపకండి అన్న ఒక్క మాట అనడం కూడా గుర్తుకు రాలేదు.

మరుసటి వారం సంపూర్ణమ్మే ఫోన్ చేసి పిలిచింది. శనివారం ఇంటి ముందు కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారట. చర్చి అయ్యగారు వచ్చి బైబిలు వాక్యం చెబుతారు, సంఘమంతా వస్తారు, భోజనాలున్నాయి, నువ్వు తప్పకుండా రావాలి, ఆ రిపోర్టు ఏంటో పదిమందికీ నీ నోటితో చెప్పాలి అంది. తబిత వాళ్ళదీ లూథరన్ కుటుంబమే. ఒంట్లో బాగుపడితే, పిల్లలు పరీక్ష పాసయితే, ఇల్లు కట్టుకుంటే సంఘాన్ని పిలిచి, దేవుడు చేసిన మేలు పదిమంది ముందు సాక్ష్యంగా చెప్పి అన్నం పెట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సరేనంది. బుధవారం ఎలాగూ ఆ వైపు పని ఉంది కనక రిపోర్టు కాగితం చేతికి ఇచ్చి వద్దామని తను ఉండే ధవళేశ్వరం నుంచి స్కూటీ మీద కాలవగట్టు వెంట బయల్దేరింది.

నర్సరీలో ఆకుపచ్చ వల కింద సంపూర్ణమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఎడమ పక్క నల్ల కవర్లలో, మామిడి టెంకల నుంచి మొలిపించిన పెన్సిలంత లావు టెంకమొక్కలు. కుడి పక్క తడిగుడ్డలో చుట్టిన బంగినపల్లి పుల్లలు. ఒక టెంకమొక్క తల నరికి, కాండాన్ని మధ్యకు చీల్చింది. పుల్ల చివర రెండు వైపులా చెక్కి, పలచటి మేకులా చేసి, చీలికలోకి దించింది. ప్లాస్టిక్ రిబ్బను కొస పళ్ళతో పట్టుకుని, చుట్టూ లాగి బిగించి ముడేసింది. మొక్కను పక్కన పెడుతూ తల ఎత్తి, తబితను చూసి, ముఖమంతా నవ్వు చేసుకుంది.

“రామ్మా, కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?”

తబిత ఆ ముఖాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఆ మాత్ర వాడేవాళ్ళకు కళ్ళ కింద ఉబ్బుగా ఉంటుంది. సంపూర్ణమ్మకు మరీ ఎక్కువ. పొద్దున లేస్తే కళ్ళు తెరవడానికి చన్నీళ్ళు కొట్టుకోవాలమ్మా అని చెప్పేది. ఇప్పుడు ఆ ఉబ్బు లేదు. కళ్ళు చక్కగా, పెళ్ళికూతురి కళ్ళంత తేటగా ఉన్నాయి.

“మొహం తేలిగ్గా ఉందండి. మాత్ర వేసుకున్నాక వాంతి వచ్చినట్టు అనిపించేది కదా, అదీ తగ్గిందా?”

“వేసుకుంటే కదమ్మా” అంది సంపూర్ణమ్మ, ఇంకో టెంకమొక్క అందుకుంటూ.

తబిత అందుకున్న నీళ్ళ సీసా మూత తియ్యకుండానే పక్కన పెట్టింది. “ఎప్పట్నుంచండీ?”

“నువ్వు ఫోన్ చేశావు చూడు, ఆ రాత్రి నుంచే. నువ్వే కదా ఏమీ లేదన్నావు.”

చెప్పాల్సిన మాటలు తబిత నోటికి ఒక్కసారిగా వచ్చి అడ్డం పడ్డాయి. ఏమీ లేదంటే మెషీనుకు కనపడనంత తక్కువని, లేదని కాదని చెప్పింది. మూలుగ అడుగున కొన్ని కణాలు నక్కి ఉంటాయని, మాత్ర ఉన్నన్నాళ్ళూ నోరెత్తవని, లేని రోజున మళ్ళీ కబురు మొదలుపెడతాయని చెప్పింది. టెంకమొక్కను చూపించి, “మీరు అంటు కట్టాక కింద కాండం లోంచి చిగుళ్ళు వస్తే గిల్లేస్తారు కదండీ. గిల్లేశాం కదా అని వేరు చచ్చిపోదు. వారం చూడకపోతే మళ్ళీ వస్తుంది. ఇదీ అంతేనండి” అంది.

సంపూర్ణమ్మ కత్తి దించి ఓపిగ్గా విన్నది. “అది నాకు తెలుసమ్మా. అంత తెలివితక్కువదాన్ని కాదు” అంది నెమ్మదిగా. “ఆపాలని నాకు మాత్రం సరదానా? మాణిక్యాంబ వదిన గురించి నీకు తెలీదు.”

మాణిక్యాంబగారు వాళ్ళ సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. సంపూర్ణమ్మకు జబ్బని తెలిసినప్పటి నుంచీ ఆమె కోసం ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి చర్చిలో ప్రార్థన చేస్తున్నారు. నర్సరీలో పని ఉంటుంది కనక సంపూర్ణమ్మ ఒక్క శుక్రవారం కూడా ఆ ప్రార్థనకు వెళ్ళలేకపోయింది.

“ఆవిడకి షుగరమ్మా. షుగరున్న మనిషి పస్తుండకూడదు కదా. ఎండల్లో ఒకసారి చర్చి మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా మళ్ళీ శుక్రవారం మానలేదు. నా సొంత అక్క చెయ్యలేదు అంత. నువ్వు ఫోన్ చేసిన సాయంత్రం ఆవిడకి చెప్పాను. నన్ను పట్టుకుని ఏడ్చేసింది. సంపూర్ణం, ప్రభువు నీకు స్వస్థత ఇచ్చాడే అంది. ఇంటికొచ్చి అన్నం తిని మాత్ర చేతిలోకి తీసుకున్నాను. వేసుకోలేకపోయాను. ఇది మింగితే ఆవిడ పస్తులన్నీ ఏమైనట్టు? మాత్ర వల్ల తగ్గిందన్నట్టు కాదా?”

“ఆవిడ ఆపమన్నారా?”

“ఛ, ఆవిడెందుకు అంటుంది. నాకే మనసొప్పలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు దేవుడు బాగుచేశాడని చెప్పి, ఇంట్లో దొంగతనంగా మాత్ర మింగుతూ ఉంటే అబద్ధమైపోదూ.”

“నేను వెళ్ళి మాణిక్యాంబగారితో మాట్లాడతానండి.”

సంపూర్ణమ్మ కత్తి కింద పెట్టి తబిత మణికట్టు పట్టుకుంది. మామిడి జీడి మరకలున్న వేళ్ళు, గట్టిగా ఉన్నాయి. “నీకు దణ్ణం పెడతాను, ఆవిడతో అనకు. ఈ వయసులో ఆవిడ మనసు కష్టపెట్టలేను. కూడిక కానివ్వు. తర్వాత చూద్దాం.”

తర్వాత అంటే ఎప్పుడని తబిత అడిగింది. సంపూర్ణమ్మ రెండో చేత్తో రిబ్బను అందుకుని కొస పళ్ళతో పట్టుకుంది. కూడిక అయ్యేదాకా మాణిక్యాంబగారితో అననని మాట ఇస్తే తప్ప మణికట్టు వదల్లేదు. తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద తబితకు దారి సరిగ్గా కనపడలేదు. ఒకపక్క తన నోటి మీద తనకే కోపం. ఇంకోపక్క ముఖం కూడా చూడని ఆ మాణిక్యాంబగారి మీద ఎక్కడలేని మంట. పస్తులుండి మనుషుల్ని కట్టిపడేసే రకం అనుకుంది. అలాంటి పెద్దమ్మలను తబిత తమ సంఘంలోనూ చూసింది.

ల్యాబుకు చేరగానే ఉదయ్‌కుమార్ సార్ గదిలోకి వెళ్ళింది. సార్ టీ తాగుతూ ఏదో పేపరు దిద్దుతున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మూడేళ్ళ కిందట, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడి ఏడుపు ముఖం పెట్టిన తబితతో, తెలుగులో చెప్పమ్మా, కణాలకు ఇంగ్లీషు రాదు అని నవ్వించి సీటు ఇచ్చింది ఆయనే. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన ఏం చెప్పినా కాదనడానికి తబితకు నోరు రాదు.

సంగతంతా విని సార్ కప్పు కింద పెట్టారు. “పూర్తిగా ఆపేసిందా?”

“పూర్తిగా అండి.”

“తబితా, ఇలాంటి కేసు మన దగ్గర ఒక్కటి కూడా లేదు.” ఆయన కుర్చీలో ముందుకు వంగారు. కళ్ళలో వెలుగు వచ్చింది. “ఏళ్ళ తరబడి మాత్ర వాడి, రిపోర్టు ఏళ్ళ తరబడి ఇలాగే శుభ్రంగా వచ్చినవాళ్ళకే డాక్టర్లు ఆపి చూస్తారు. వాళ్ళలోనే దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. ఈవిడకి శుభ్రంగా రావడం ఇదే మొదటిసారి. తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. అలా తిరగబెట్టేటప్పుడు కబురు ఏ దారిన ముందు లేస్తుందో మనం మొదటి నుంచీ చూడొచ్చు. శనివారం ఎలాగూ వెళ్తున్నావు కదా, ఒక శాంపిల్ తీసుకురా. వచ్చే వారం ఇంకోటి.”

“కాకినాడ డాక్టరుగారికి చెప్పాలి కదండి సార్.”

“చెప్తాను, చెప్తాను. ఆయన ఊళ్ళో లేరు, సోమవారం వస్తారు. మనమేం ఆపమనలేదు కదమ్మా. ఆమె ఇష్టంతో ఆమె ఆపింది. మనం చూస్తున్నాం అంతే.”

మనం చూస్తున్నాం అంతే అన్న మాట తబితకు ఎక్కడో గుచ్చుకుంది. ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంటే పక్కన నిలబడి గీతలు గీసుకోవడమేనా అని అడగాలనిపించింది. అడగలేదు. “అలాగేనండి సార్” అంది. బయటికొచ్చి ఊదారంగు మూత ట్యూబులు రెండు, సూది, దూది, ఐసు పెట్టె సర్దుకుంటుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. గురువారం, శుక్రవారం రెండు రోజులూ సంపూర్ణమ్మకు ఫోన్ చేసి బతిమాలింది. ఆమె ప్రతిసారీ ప్రేమగా, శనివారం తొందరగా రామ్మా, కోడిపలావు వండిస్తున్నాం అని పెట్టేసింది.

ఇక ఉన్నది ఒక్కటే దారి. రిపోర్టు చెప్పమని తనను లేపినప్పుడు పదిమంది ముందు అందరితోనూ అనేయడం. మాట ఇచ్చింది మాణిక్యాంబగారితో విడిగా అననని కదా అని సర్దిచెప్పుకుంది. సంతోషంగా కూడుకున్న జనం మధ్య నిలబడి, ఈమెకు పూర్తిగా తగ్గలేదు, మందు మానితే చచ్చిపోతుంది అని చెప్పాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో శనివారం దారి పొడుగునా హెల్మెట్ లోపల పైకే అనుకుంటూ వచ్చింది. ఎలా మొదలుపెట్టినా చివరికి సంపూర్ణమ్మకు తలవంపులయ్యేలాగే ఉంది.

ఇంటి ముందు షామియానా వేశారు. చర్చి కుర్చీలు, చర్చి మైకు. సంపూర్ణమ్మ భర్త చిట్టియ్య నర్సరీలో లారీలకు మొక్కలెక్కించే మనిషి, కొత్త చొక్కా వేసుకుని ఎదురొచ్చి, “వందనాలండి, వందనాలండి” అంటూ తబితను ముందు వరసలో కూర్చోబెట్టాడు. వెనకవైపు గాడిపొయ్యి మీద పలావు ఘుమఘుమలాడుతోంది. సంపూర్ణమ్మ నీలంరంగు పట్టుచీర కట్టుకుని, తెల్లవారినప్పటి నుంచీ పనిలో ఉన్న మనిషిలా అలసటగా నవ్వింది. అయ్యగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన, ముతక చేనేత చీరలో, పొట్టిగా, కళ్ళజోడుతో ఉన్నావిడే మాణిక్యాంబగారని చెప్పకుండానే తెలిసింది. మోచేతి మీద పాత గాయం మచ్చ ఉంది. తబిత ముఖం తిప్పుకుంది.

రెండు పాటలు అయ్యాయి. ప్రార్థన చెయ్యమని అయ్యగారు మాణిక్యాంబగారిని అడిగారు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని సుఖంగా సర్దుకు కూర్చున్నారు. ఆవిడ ప్రార్థన తొందరగా తెమలదని సంఘమంతటికీ తెలుసు. ఎక్కే బస్సు నంబరుతో సహా దేవుడికి చెబుతుందని పిల్లలు నవ్వుకుంటారు. మాణిక్యాంబగారు లేచి, కొంగు తల మీదికి లాక్కుని, మైకు అక్కర్లేదని చెయ్యి ఊపి, బడిలో పాఠం చెప్పిన గొంతుతో మొదలుపెట్టారు.

“తండ్రీ, నీ బిడ్డ సంపూర్ణకు ఈ జబ్బు తెలిసిన రోజున మేమంతా బెదిరిపోయాం. మాకేం తెలుసు తండ్రీ. నీకు తెలుసు. ఆ జబ్బుకు ఇమాటినిబ్ అనే మాత్రను నువ్వు ముందే సిద్ధం చేసి ఉంచావు, నీకు స్తోత్రం.”

తబిత కళ్ళు తెరిచింది. ఆ పేరును ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు కూడా తప్పు పలుకుతారు. ఆవిడ ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికింది.

“ఆ మాత్ర కనిపెట్టడానికి ఎన్నేళ్ళు కష్టపడ్డారో, ఆ డాక్టర్లు ఏ దేశంవాళ్ళో, ఏ మతంవాళ్ళో, వాళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ దీవించు. ఆ జబ్బు సంగతి తెలియడానికి వాళ్ళకు తమ రక్తం ఇచ్చినవాళ్ళున్నారు తండ్రీ. మాత్ర వచ్చేసరికి వాళ్ళలో ఎంతమంది బతికున్నారో మాకు తెలియదు. మా సంపూర్ణ ఇవాళ వాళ్ళ చలవతో బతికింది. వాళ్ళను నీ దగ్గర పెట్టుకో. ధవళేశ్వరం నుంచి ఎండలో ఐసు పెట్టె పట్టుకుని వచ్చే తబిత అనే బిడ్డను కాపాడు. ఆ బిడ్డ చేతికి పని నేర్పించు, బండి మీద క్షేమంగా తిప్పు. తండ్రీ, ప్రతి శుక్రవారం నిన్ను ఒక్కటే అడిగాను. మా సంపూర్ణ ఒక్క పూట కూడా ఆ మాత్ర మర్చిపోకూడదు అని. మింగింది మింగినట్టు ఒంట పట్టాలి, వాంతి కాకూడదు అని. నువ్వు విన్నావు. ఇకముందు కూడా మాననివ్వకుండా చూడు…”

ప్రార్థన ఇంకా నడుస్తూనే ఉంది. తబితకు తర్వాతి మాటలు వినపడలేదు. తను ముఖం చూడకుండానే కోపం పెంచుకున్న మనిషి ఇన్నాళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఆకలి కడుపుతో తన పేరు తలుచుకుంటోంది. సిగ్గుతో, అంతకు మించిన ఏదో ఆనందంతో ఆమె కళ్ళు తుడుచుకుంది. పక్కకు చూసింది. సంపూర్ణమ్మ తల వంచుకునే ఉంది. పట్టుచీర ఒడిలో రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

ఆమేన్ అన్నాక అయ్యగారు సంపూర్ణమ్మను సాక్ష్యం చెప్పమన్నారు. చిట్టియ్య మైకు అందించాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“వందనాలండి అందరికీ. నేను రాసుకున్నది ఇంకోటుంది. అది చెప్పను.” మైకు దగ్గరికి లాక్కుంది. “నేను మాత్ర ఆపేశానండి. రిపోర్టు వచ్చిన రోజు నుంచీ వేసుకోలేదు. మా ఆయనక్కూడా తెలీదు.”

జనంలో కదలిక వచ్చింది. చిట్టియ్య నోరు తెరుచుకుని భార్యను చూశాడు.

“ఎవరూ ఆపమనలేదండి. నేనే ఆపాను. మాణిక్యాంబ వదిన ఇన్నాళ్ళూ పస్తులుంది. మాత్ర వేసుకుంటే వదిన ప్రార్థనకి విలువ లేకుండా పోతుందేమో అనుకున్నాను. అయినవాళ్ళు చెయ్యనిది ఆవిడ చేసింది. ఆవిడని చిన్నబుచ్చితే నాకు పుట్టగతులుండవనుకున్నాను. ఈ అమ్మాయి మూడు రోజుల్నుంచి బతిమాలుతోంది, వినలేదు. వదిన అడిగిందే ఆ మాత్ర గురించని ఇప్పుడు తెలిసిందండి.” మైకు దించేసింది.

అందరి ముఖాలూ మాణిక్యాంబగారి వైపు తిరిగాయి. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియలేదు. లేచి సంపూర్ణమ్మ దగ్గరికి వెళ్ళారు.

“పేరు తెలియకుండా దేవుడ్ని ఏమని అడుగుతానే? మొదట్లోనే చిట్టియ్యనడిగి మందు అట్ట చూసి నేర్చుకున్నాను” అన్నారు. తర్వాత గొంతు మారింది, పలక తేని పిల్లను అడిగే గొంతు. “ఇవాళ వేసుకున్నావా?”

“లేదు వదినా.”

“అట్టలు పారేశావా?”

“లేదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.”

“అన్నం తిన్నావా?”

“పొద్దున టీ తాగానంతే. పనుల్లో…”

“ఖాళీ కడుపున వెయ్యకూడదు కదా అది.” ఆవిడ తబిత వైపు తిరిగారు. “అంతేనామ్మా?”

“అంతేనండి. కడుపునిండా తిని, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలండి” అంది తబిత లేచి నిలబడి. దారంతా ఎన్ని మాటలు కూర్చుకున్నా చివరికి పనికొచ్చింది ఇది ఒక్కటే. అయినా ఇంకొకటి ఉందని గుర్తొచ్చి, “సోమవారం నేను కాకినాడ తీసుకెళ్తానండి. డాక్టరుగారు చూశాక ఆయన చెప్పినట్టు చేద్దాం” అంది.

మాణిక్యాంబగారు అయ్యగారి వైపు చూశారు. కూడికల్లో వాక్యం అయ్యాక, అయ్యగారు భోజనం మీద ప్రార్థన చేసి, ఆయన విస్తట్లో వడ్డించాకే మిగతావాళ్ళు తింటారు. ఆకలికి ఏడ్చే చంటిపిల్లలకు కూడా గోడ చాటునే పెడతారు. ఆ పద్ధతి తప్పడం ఆ సంఘంలో ఎవరూ చూడలేదు.

“అయ్యగారూ, దీనికి ముందు అన్నం పెడతానండి” అన్నారు మాణిక్యాంబగారు.

అయ్యగారు తెరిచిన బైబిల్లో రిబ్బను పెట్టి మూశారు. “పెట్టండమ్మా. వాక్యం ఎక్కడికీ పోదు” అన్నారు. తనే లేచి తన కుర్చీ సంపూర్ణమ్మకు జరిపారు.

చిట్టియ్య మాత్రల కోసం ఇంట్లోకి పరుగెత్తాడు. ఎవరో పళ్ళెంలో పలావు, పెరుగు చట్నీ తెచ్చారు. సరిగ్గా అప్పుడే తబిత బ్యాగులో ఫోను మోగింది. ఉదయ్‌కుమార్ సార్. షామియానా పక్కకు వెళ్ళి ఎత్తింది.

“శాంపిల్ తీశావా తబితా?”

“తియ్యలేదండి సార్. ఆవిడ మళ్ళీ మాత్ర మొదలుపెడుతున్నారు. సోమవారం నేనే కాకినాడ తీసుకెళ్తున్నాను. అక్కడ డాక్టరుగారు తియ్యమంటే తీస్తాను.” మూడేళ్ళలో ఆయనకు కాదని చెప్పడం ఇదే మొదలు. “మీరు నాకు చేసిన మేలు మర్చిపోలేదండి సార్. కానీ చూస్తూ ఊరుకోలేనండి.”

“సరే” అని పెట్టేశారు. ఆ సరేలో కోపం ఎంతో, మరేదైనా ఎంతో తబితకు అంతుపట్టలేదు. సోమవారం తెలుస్తుందిలే అనుకుని లోపలికి వచ్చింది.

షామియానా కింద ఒక్కరు కూడా కూర్చుని లేరు. అంత జనమూ లేచి, ఆకలి మీద, అయ్యగారితో సహా చుట్టూ నిలబడి, ఒక్క మనిషి అన్నం తినడం చూస్తున్నారు. సంపూర్ణమ్మ సిగ్గుతో తల ఎత్తకుండా, కన్నీళ్ళు పలావులో పడుతుంటే తింటోంది. చాలు వదినా అంటే మాణిక్యాంబగారు గరిటె పట్టుకుని, “ఇంకో నాలుగు ముద్దలు. మళ్ళీ వాంతి అంటావు” అన్నారు. గోడ పక్కన ఎవరో ముసలాయన, “తిననివ్వండి, తొందరేముంది” అన్నాడు. ఎవరూ కదల్లేదు.

తిన్నాక చిట్టియ్య అట్ట చించి మాత్ర ఆమె అరచేతిలో వేశాడు. అయ్యగారు స్టీలు గ్లాసు అంచుదాకా నింపి అందించారు. సంపూర్ణమ్మ ఒకసారి తబిత వైపు, ఒకసారి మాణిక్యాంబగారి వైపు చూసి, మాత్ర నాలుక మీద పెట్టుకుని, గ్లాసు ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగింది. ఆమె గొంతు దిగేదాకా మాణిక్యాంబగారు రెప్ప వెయ్యకుండా చూశారు. నోరు తెరువు అన్నారు. ఆమె చిన్నపిల్లలా తెరిచి చూపించింది.

అప్పుడు మాణిక్యాంబగారు తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, కొంగు సర్దుకుని, “ఆ, ఇప్పుడు చెప్పండి అయ్యగారూ” అన్నారు.